వాడి నుంచి బెజవాడ దాకా: నిజాం రైల్వే కథ

1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. వెంట పల్లకీ, బోయీలు, వంటవారు, పరివారం ఉన్నారు. కడప, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. మొత్తం పదిహేను నెలలకు పైచిలుకు ప్రయాణం. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పెద్దలు చెప్పే కాశీయాత్ర చరిత్ర ఆ ప్రయాణంలోనే పుట్టింది. సరిగ్గా తొంభై తొమ్మిదేళ్లకు, 1929లో, మద్రాసు నుంచి తెలంగాణ మీదుగా ఢిల్లీ వైపు ఒకే పట్టాల మీద పోవటానికి వీలు కలిగింది. పల్లకీకీ పొగబండికీ మధ్య గడిచిన ఆ తొంభై తొమ్మిదేళ్లలో సగానికి పైగా ఒక్క రైల్వే చరిత్రతో ముడిపడి ఉన్నాయి. అదే నిజాం రైల్వే. ఈనాడు ఆ పేరుతో ఏ రైలూ నడవదు. కానీ సికింద్రాబాదులో, కాజీపేటలో, డోర్నకల్లులో, విజయవాడలో రైలెక్కిన తెలుగువాడు ఆ రైల్వే వేసిన దారిలోనే ప్రయాణిస్తున్నాడు.

మన పిల్లలకు హైదరాబాదు సంస్థానం అంటే ఏమిటో ముందుగా రెండు మాటల్లో చెప్పాలి. ఆంగ్లేయుల పాలనలో మన తెలుగునేల రెండు ముక్కలుగా ఉండేది. కోస్తా, రాయలసీమలు మద్రాసు రాజధానిలో భాగాలు. తెలంగాణ నిజాం ప్రభువుల ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆ సంస్థానంలో తెలుగువారితో పాటు మరాఠీ, కన్నడ ప్రజలూ ఉండేవారు. రాజభాష మొదట ఫారసీ, తరువాత ఉర్దూ. సంస్థానానికి సొంత నాణెం, సొంత తపాలా, సొంత న్యాయస్థానాలు ఉండేవి. సొంత రైల్వే ఉండటం ఆ వరుసలోదే. అయితే ఆ "సొంతం" అన్న మాట ఎంతవరకు నిజమో ఈ కథ మొత్తం చదివితే గాని తేలదు.

1871లో బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి సంస్థానపు పడమటి అంచు గుండా పోయిందే తప్ప హైదరాబాదు నగరాన్ని తాకలేదు. రాజధాని పక్కనే సికింద్రాబాదులో ఆంగ్లేయుల పెద్ద సైనిక స్థావరం ఉంది. 1857 తిరుగుబాటు చూసిన పాలకులకు అంత పెద్ద దండును రైలు లేని చోట ఉంచటం ఇష్టం లేదు. అందుచేత గుల్బర్గా దాపున ఉన్న వాడి అనే చిన్న ఊరి నుంచి సికింద్రాబాదు దాకా ఒక దారి వేయాలని సంస్థానం మీద ఒత్తిడి వచ్చింది. 1870లో ఒప్పందం కుదిరింది.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాలుగేళ్లు నిండీ నిండని పసివాడు. రాజ్యభారం దివాన్ మొదటి సాలార్‌జంగు మీద ఉంది. దివాళా అంచున ఉన్న ఖజానాను దారిలో పెట్టి, పన్నుల వసూలును సంస్కరించి పేరు తెచ్చుకున్న మంత్రి ఆయన. రైలు వస్తే వర్తకం పెరుగుతుందని ఆయనకు తెలుసు. రైలు వెంబడి ఆంగ్లేయుల అధికారం కూడా వస్తుందనీ తెలుసు. చివరకు ఖర్చు సంస్థానం భరించేటట్లు, నిర్మాణం, నిర్వహణ ఆంగ్లేయ అధికారుల చేతుల్లో ఉండేటట్లు తేలింది. సొమ్ము ఒకరిది, పగ్గం ఒకరిది. 1874 అక్టోబరులో వాడి–సికింద్రాబాదు దారి మీద బండ్లు నడవసాగాయి. దూరం సుమారు 185 కిలోమీటర్లు. తాండూరు, వికారాబాదు, శంకరపల్లి, లింగంపల్లి వంటి ఊళ్ల పేర్లు అప్పుడే రైలు పటంలోకి ఎక్కాయి.

శంకరపల్లి పేరు చెప్పాను కాబట్టి కొంచెం ముందుకు వెళ్లి ఒక వ్యాజ్యం సంగతి ఇక్కడే చెప్పటం మంచిది. రైలు దారికి ఇచ్చిన నేల మీద విచారణాధికారం ఆంగ్లేయులకు దఖలుపడింది. అంటే ఊరు నిజాంది, ఊరి స్టేషను మాత్రం దొరలది. 1895లో యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను, ఎక్కడో హిమాలయాల్లోని సిమ్లా మేజిస్ట్రేటు జారీ చేసిన వారంటుతో శంకరపల్లి స్టేషనులో పట్టుకున్నారు. ఆరోపించిన నేరానికీ రైలుకూ ఏ సంబంధమూ లేదు. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. రైల్వే నేల మీద ఇచ్చిన అధికారం రైల్వే నిర్వహణకు అవసరమైనంత వరకే గాని, ఇతర నేరాలకు అక్కడ మనుషులను పట్టుకోవటానికి కాదని 1897లో తీర్పు వచ్చింది. సంస్థానపు సార్వభౌమత్వానికి సంబంధించిన ప్రశ్న ఒక చిన్న స్టేషను ప్లాట్‌ఫారం మీద తేలింది. ఈనాడు హైదరాబాదు శివార్లలో శంకరపల్లి మీదుగా పోయేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

వెనక్కి వస్తే, 1883 ఈ కథలో ముఖ్యమైన సంవత్సరం. ఫిబ్రవరిలో సాలార్‌జంగు హఠాత్తుగా కన్నుమూశారు. అప్పటికే రైలును తూర్పున బెజవాడ వైపు, ఉత్తరాన చాందా వైపు పొడిగించాలని, అందుకు లండనులో ఒక కంపెనీ పెట్టి అక్కడి మదుపుదారుల సొమ్ము తేవాలని సంప్రదింపులు నడుస్తున్నాయి. మదుపు మీద వడ్డీకి సంస్థానం పూచీ పడాలి. లాభం వస్తే కంపెనీది, రాకపోతే లోటు తెలంగాణ, మరాఠ్వాడా రైతులు కట్టిన శిస్తు నుంచి పూడ్చాలి. ఈ పథకం వివరాలు ప్రజలకు చెప్పకుండానే నిర్ణయం జరిగిపోతోందని నగరంలోని విద్యావంతులు కొందరు గ్రహించారు. నిబంధనలు ఏమిటో బయటపెట్టాలని, ప్రజాభిప్రాయం తీసుకోవాలని వారు కోరారు. ఆ కోరికకు ముందు నిలిచినవారిలో ఒకరు అఘోరనాథ చటోపాధ్యాయ. ఎడిన్‌బరోలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, హైదరాబాదుకు వచ్చి కళాశాల స్థాపించిన పండితుడు. మరొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఒకరు వంగదేశపు బ్రాహ్మణుడు, ఒకరు హైదరాబాదు ముస్లిం. ఇద్దరిదీ ఒకే ప్రశ్న.

ప్రశ్నకు జవాబు రాలేదు, శిక్ష వచ్చింది. 1883 మేలో అఘోరనాథులను ఉద్యోగం నుంచి తప్పించి నగరం నుంచి వెళ్లగొట్టారు. అబ్దుల్ ఖయ్యూం గారికీ ఉద్యోగమూ, ఊరూ రెండూ పోయాయి. అఘోరనాథుల ఇంట్లో అప్పటికి నాలుగేళ్ల పాప ఒకతె ఉంది. ఆమే తరువాతి కాలంలో సరోజినీ నాయుడు. కొన్నేళ్లకు అఘోరనాథులను తిరిగి రానిచ్చారు, కొలువూ ఇచ్చారు. హైదరాబాదు సంస్థానంలో ప్రజల తరఫున లెక్క అడిగిన తొలి ఆధునిక ఆందోళనల్లో దీన్ని ఒకటిగా చరిత్రకారులు చెబుతారు. పన్ను కట్టేవాడికి లెక్క చెప్పాలన్న మాట మన నేల మీద ఒక రైలు దారి విషయంలో వినిపించిందంటే, దాన్ని పాఠ్యపుస్తకాల్లో ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాయవలసింది.

1883 డిసెంబరులో ఒప్పందం జరగనే జరిగింది. కంపెనీకి "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అని పేరు పెట్టారు. పేరులోని "గ్యారంటీడ్" అనే మాటే అసలు సంగతి చెబుతుంది: మదుపు మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్లు సంస్థానం పూచీ. నమ్మకంగా వచ్చే వడ్డీ కనుక లండనులో వాటాలు కొనేవారికి దిగులు లేదు. ఈ బేరసారాలు నడిపిన సంస్థాన ప్రతినిధి అబ్దుల్ హక్, బిరుదు సర్దార్ దిలేర్‌జంగు. ఈయనే తరువాత గనుల హక్కులు ఒక ఆంగ్ల కంపెనీకి ఇప్పించిన వ్యవహారంలో స్వలాభం చూసుకున్నాడని గగ్గోలు పుట్టి, 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. ఆయన పదవి పోయింది. అఘోరనాథులు అడిగిన ప్రశ్న అనవసరమైనది కాదని అయిదేళ్లలోనే రుజువైంది.

గనులు అన్నాను. నిజాం రైల్వేకు ఊపిరి పోసినవి అవే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. నేలలో బొగ్గున్నా బండి లేకపోతే అది అక్కడే ఉంటుంది. బండి ఉన్నా బొగ్గు లేకపోతే కదలదు. ఈ రెంటికీ పెళ్లి చేసింది డోర్నకల్లు జంక్షను. సికింద్రాబాదు నుంచి భువనగిరి, జనగామ, కాజీపేట, వరంగల్లు, మానుకోట మీదుగా దారి సాగి డోర్నకల్లు చేరింది. అక్కడి నుంచి ఒక కొమ్మ ఇల్లెందు గనులకు పోయింది. 1889 నాటికి గనిలో తవ్వకం సాగుతున్నది. ఆ బొగ్గే దక్షిణాది రైళ్లకూ మిల్లులకూ చేరింది. దగ్గరి పల్లె పేరుతో దాన్ని సింగరేణి బొగ్గు అన్నారు. 1920లో కంపెనీ పేరు కూడా సింగరేణి అయింది. ఇల్లెందులో పుట్టిన గనికి సింగరేణి పేరు రావటం ఇల్లెందువాసులకు ఈనాటికీ కొంత వెలితే.

అదే 1889లో ప్రధానమైన దారి ఖమ్మం, మధిర, కొండపల్లి దాటి బెజవాడ చేరింది. వాడి నుంచి బెజవాడ దాకా మొత్తం 530 కిలోమీటర్లకు పైగా. తెలుగువారి దృష్టితో చూస్తే నిజాం రైల్వే చరిత్రలో దీనికి మించిన ఘట్టం లేదని నా అభిప్రాయం. రాజకీయంగా విడిపోయి ఉన్న రెండు తెలుగు ప్రాంతాలకు మొదటిసారిగా ఒక ఇనుప వంతెన ఏర్పడింది. కృష్ణానది మీద బెజవాడ రైలు వంతెన 1893లో పూర్తయింది. 1899లో బెజవాడ–మద్రాసు దారి కలిసింది. మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకం నాలుగైదు వారాలు ఎద్దుబండిలో పడి ఉండే అవసరం లేకుండా హైదరాబాదు చేరే రోజులు వచ్చాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి కొంతకాలానికి మద్రాసుకు తరలి, అక్కడి నుంచి తెలుగునాట అంతటికీ పుస్తకాలు పంపింది. ఈ గ్రంథాలయాలన్నీ రైలు వల్లనే పుట్టాయని అనటం అతిశయోక్తి. రైలు లేకుండా వాటి అల్మరాలు అంత త్వరగా నిండేవి కావనటం మాత్రం న్యాయం.

మనుషులు కూడా కదిలారు. పడమటి దారి పట్టుకుని తెలంగాణ పద్మశాలీలు షోలాపురం, భివండి, బొంబాయి మగ్గాలకూ మిల్లులకూ వెళ్లారు. బొంబాయిలో కామాఠీపురా అనే పేట పేరు, రైలు రాకముందే తెలంగాణ నుంచి కూలికి పోయిన కామాఠీల వల్ల వచ్చినదే. రైలు వచ్చాక ఆ దారి ఇంకా రద్దీ అయింది. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో కొన్నింటి వలస కథ విమానంతో మొదలు కాలేదు. ముత్తాతగారు మూట నెత్తిన పెట్టుకుని వాడిలో బండి మారిన రోజుతో మొదలైంది.

బండి మారటం అన్నాను కనుక పట్టాల వెడల్పు గురించి ఒక మాట. వాడి–బెజవాడ దారి వెడల్పు పట్టాలది. రెండు పట్టాల నడుమ 1676 మిల్లీమీటర్లు. 1899–1901 మధ్య హైదరాబాదు నుంచి ఇందూరు, బాసర, నాందేడు, ఔరంగాబాదు మీదుగా మన్మాడుకు వేసిన హైదరాబాదు–గోదావరి లోయ రైల్వే మాత్రం మీటరు గేజి, అంటే 1000 మిల్లీమీటర్లు. ఖర్చు తక్కువ. అది సంస్థానం తన సొంత సొమ్ముతో వేయించి, నడపటానికి కంపెనీకి అప్పగించిన దారి. అది కట్టిన కాలం దక్కనులో భయంకరమైన కరువు కాలం. ధాన్యం చేరవేయటానికి రైలు అక్కరకు వచ్చింది. కానీ వెడల్పు వేరు కావటం వల్ల ఒక దారి పెట్టెలు మరో దారి మీద నడవవు. ప్రయాణికుడు దిగాలి, సామాను దించాలి, కూలీని పిలవాలి, మళ్లీ ఎక్కాలి. దాదాపు ఒక శతాబ్దం పాటు ఈ అవస్థ కొనసాగింది. పిల్లలకు సులభంగా చెప్పాలంటే, ఒక ఫోను చార్జరు మరో ఫోనుకు పట్టకపోవటం వంటిదే.

ఆ తరువాత పనులు త్వరత్వరగా సాగాయి. 1893లో లాలాగూడలో కర్మాగారం వెలిసింది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో గుమ్మటాలు, మినార్లతో కాచిగూడ స్టేషను కట్టారు. అదే కాలంలో మహబూబ్‌నగరం వైపు మీటరు గేజి దారి పడింది. గోదావరి ఒడ్డున ఉన్న భద్రాద్రికి రైలు రాలేదు. కొత్తగూడెం దాకా వచ్చి, ఆ స్టేషనుకు "భద్రాచలం రోడ్డు" అని పేరు పెట్టి ఊరుకున్నారు. రాముడి దర్శనానికి దిగిన భక్తుడు అక్కడి నుంచి ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు పోవాలి. రైల్వేవారి భాషలో "రోడ్డు" అని ఉంటే, ఊరు ఇంకా రాలేదని అర్థం చేసుకోవాలి.

1929లో కాజీపేట–బల్లార్షా దారి పూర్తయింది. బల్లార్షా చాందా పక్కనే ఉంది. ఏ చాందా దారి గురించి లెక్క అడిగినందుకు 1883లో ఇద్దరు పెద్దమనుషులు దేశబహిష్కారం అనుభవించారో, ఆ దారి నలభై ఆరేళ్ల తరువాత పడింది. దానితో మద్రాసు–ఢిల్లీ సూటి దారి ఏర్పడి, ఆ యేడే పెషావరు–మంగుళూరుల మధ్య గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. నాలుగు రోజులకు మించిన ప్రయాణం, సుమారు 104 గంటలు. ఆ బండి ఈనాటికీ చెన్నై–ఢిల్లీల మధ్య వరంగల్లు మీదుగా నడుస్తూనే ఉంది.

1930 ఏప్రిల్ 1న సంస్థానం కంపెనీని కొనివేసింది. పేరులోంచి "గ్యారంటీడ్" పోయి "నిజాం స్టేట్ రైల్వే" మిగిలింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమది. తొలి బండి నడిచిన యాభై ఆరేళ్లకు గాని సొమ్ము పెట్టినవాడి చేతికి పగ్గం రాలేదు.

పగ్గం వచ్చాక చేసిన మొదటి పెద్ద పని పట్టాల మీద కాదు, రోడ్డు మీద జరిగింది. ప్రైవేటు మోటార్లు రైలు రాబడికి గండి కొడుతున్న కాలమది. ఇతరచోట్ల రైల్వేలు బస్సులతో పోటీపడుతుంటే, ఇక్కడ రైల్వేయే బస్సులు నడిపింది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రైల్వేకు ఒక రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. ప్రభుత్వమే బస్సులు నడపటానికి మన దేశంలో ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. 1951లో ఆ శాఖ రైల్వే నుంచి విడివడి, 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. అంటే మన ఊరి ఎర్రబస్సుకు తల్లి నిజాం రైలు. హైదరాబాదు బస్సుల నంబరు పలకల మీద "జెడ్" అక్షరం నిజాం తల్లి జహరా బేగం పేరుకు గుర్తు అని జనం చెప్పుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ కూడా పెట్టారు. అది 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

నిజాం స్టేట్ రైల్వే ఆయుష్షు ఇరవై ఏళ్లు మాత్రమే. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వపరమైంది. 1951 నవంబరు 5న బొంబాయి కేంద్రంగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిసి, పేరు కూడా కనుమరుగైంది. ఎనభై ఏళ్ల కిందట తమను వాడి దగ్గర కలుపుకున్న పెనిన్సులా రైల్వే కూడా అదే రోజు అదే గొడుగు కిందికి రావటం గమనించదగినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ముఖ్యస్థానంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు, పాత నిజాం దారుల్లో అధికభాగం మళ్లీ హైదరాబాదు నీడకే చేరాయి.

ఇన్నాళ్లలో సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి. వాడి ఇప్పుడు కర్ణాటకలో ఉంది, మన్మాడు మహారాష్ట్రలో, ఖమ్మం తెలంగాణలో, బెజవాడ ఆంధ్రప్రదేశ్‌లో. లాలాగూడ కర్మాగారంలో ఈనాటికీ రైలుపెట్టెలకు మరమ్మతులు జరుగుతున్నాయి. ఈసారి సెలవులకు దేశం వెళ్లినప్పుడు పిల్లలను కారులో కాక సికింద్రాబాదు నుంచి విజయవాడకు పగటి బండిలో కూర్చోబెట్టండి. భువనగిరి దగ్గర ఒకే రాయిగా లేచిన కొండ, దాని మీద కోట కనిపిస్తాయి. కాజీపేటలో ఉత్తరాదికి పోయే దారి చీలుతుంది. డోర్నకల్లులో బొగ్గు దారి కలుస్తుంది. కొండపల్లి దాటాక బండి వేగం తగ్గుతుంది. పెద్దవారు సామాను దించటం మొదలుపెడతారు.